ఎంజేఎంఎల్ టెంప్లేట్లను హెచ్‌టీఎంఎల్‌గా మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈమెయిల్ టెంప్లేట్లను ఎంజేఎంఎల్‌లో (మెయిల్స్ కోసమే తయారైన మార్కప్ భాష ఇది) రాసి, లైబ్రరీతో హెచ్‌టీఎంఎల్‌గా మార్చి పంపాలనుకునే డెవలపర్ల కోసం ఈ పేజీ. ఎక్కువగా నోడ్ జేఎస్ గురించే ఉంటుంది, మిగతా భాషల సంగతి మధ్యలో వస్తుంది. తెలుగులో మెయిల్స్ పంపేవాళ్లకు ప్రత్యేకంగా వచ్చే చిక్కులకు కావాలనే ఎక్కువ చోటు ఇచ్చాం. ట్యాగుల పేర్లు, ఆప్షన్ల పేర్లు పలికే తీరులో తెలుగులోనే రాశాం.

హెచ్‌టీఎంఎల్ నేరుగా రాసుకుంటే పోదా? మధ్యలో ఇంకో మార్కప్ ఎందుకు?

రాసుకోవచ్చు. కాకపోతే మెయిల్‌లో పనిచేసే హెచ్‌టీఎంఎల్ వేరు, వెబ్‌సైట్‌కు రాసే హెచ్‌టీఎంఎల్ వేరు. విండోస్ డెస్క్‌టాప్ అవుట్‌లుక్ 2007 వెర్షన్ నుంచి మెయిల్ చూపించడానికి బ్రౌజర్ ఇంజిన్ బదులు మైక్రోసాఫ్ట్ వర్డ్ ఇంజిన్ వాడుతోంది. దానికి ఫ్లెక్స్‌బాక్స్ తెలియదు, గ్రిడ్ తెలియదు, డివ్‌కి పెట్టిన మ్యాక్స్-విడ్త్‌ను పట్టించుకోదు. కొత్త అవుట్‌లుక్ వెబ్ ఇంజిన్ మీద నడుస్తుంది గానీ, ఆఫీసుల్లో పాతది ఇంకా పోలేదు. అందుకే మెయిల్ లేఅవుట్ ఈరోజుకీ టేబుల్‌లో టేబుల్, దానిలో మళ్లీ టేబుల్‌గానే రాయాల్సి వస్తోంది.

ఆ పని చేత్తో చేస్తే ఒక మెయిల్‌కు ఓపిక ఉంటుంది. ఆర్డర్ కన్ఫర్మేషన్, పాస్‌వర్డ్ రీసెట్, ఇన్‌వాయిస్, న్యూస్‌లెటర్ అంటూ టెంప్లేట్లు ఇరవైకి చేరేసరికి ఎవరికీ ఉండదు. ఫ్రాన్స్‌కు చెందిన మెయిల్‌జెట్ కంపెనీ ఇందుకే ఎంజేఎంఎల్ తయారుచేసి 2016లో ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. ఎంఐటీ లైసెన్స్ కాబట్టి కమర్షియల్ ప్రాజెక్టుల్లో నిశ్చింతగా వాడుకోవచ్చు. మెయిల్ పంపడానికి మెయిల్‌జెట్ సర్వీసే వాడాలన్న షరతు కూడా ఏమీ లేదు.

నేర్చుకోవడం కష్టమా?

హెచ్‌టీఎంఎల్ వచ్చినవాళ్లకు ఒక పూట చాలు. బాడీలో సెక్షన్లు ఉంటాయి, సెక్షన్‌లో కాలమ్‌లు, కాలమ్‌లో టెక్స్ట్, ఇమేజ్, బటన్ వగైరా. అన్నిటికీ ముందు 'ఎంజే-' అని ఉంటుంది. కాలమ్ లేకుండా సెక్షన్‌లో నేరుగా టెక్స్ట్ పెట్టకూడదు. కొత్తవాళ్లు మొదట చేసే తప్పు నూటికి తొంభై పాళ్లు ఇదే.

నోడ్‌లో మార్చడం ఎలా?

ఎన్‌పీఎంలో 'ఎంజేఎంఎల్' ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేయండి. అది ఇచ్చే ఫంక్షన్ పేరు ఎంజేఎంఎల్2హెచ్‌టీఎంఎల్. టెంప్లేట్‌ను స్ట్రింగ్‌గా పంపితే ఒక ఆబ్జెక్ట్ తిరిగొస్తుంది. అందులో మనకు కావలసినవి రెండు: తయారైన హెచ్‌టీఎంఎల్, దాని పక్కనే ఎర్రర్స్ అనే జాబితా. ఎంజేఎంఎల్ 4వ శ్రేణి వెర్షన్లలో ఫలితం వెంటనే చేతికొస్తుంది. అయినా ముందు అవెయిట్ పెట్టి రాయడం మంచిది. నష్టమేమీ లేదు, తర్వాతి శ్రేణికి మారేటప్పుడు కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

కోడ్ రాయకుండా కమాండ్ లైన్ నుంచీ మార్చుకోవచ్చు. ఫైల్ పేరు ఇచ్చి, హైఫన్ 'ఓ' తర్వాత అవుట్‌పుట్ ఫైల్ పేరు ఇస్తే చాలు. డిజైన్ చేస్తున్నంతసేపూ వాచ్ మోడ్‌లో పెట్టుకోండి, సేవ్ చేసినప్పుడల్లా దానంతటదే మారుస్తుంది.

ఎర్రర్స్ జాబితాను పట్టించుకోకపోయినా హెచ్‌టీఎంఎల్ వస్తోంది కదా?

వస్తుంది, అసలు ప్రమాదం అక్కడే. వ్యాలిడేషన్ లెవెల్ అనే ఆప్షన్‌కు సాఫ్ట్, స్ట్రిక్ట్, స్కిప్ అని మూడు విలువలున్నాయి. డిఫాల్ట్ సాఫ్ట్. అంటే ట్యాగ్ పేరు తప్పు కొట్టినా, లేని ఆట్రిబ్యూట్ పెట్టినా కంపైలర్ ఆగదు, జాబితాలో ఒక వాక్యం రాసి ముందుకెళ్లిపోతుంది. ఆ జాబితాను ఎవరూ చూడకపోతే బటన్ లేని మెయిల్ కస్టమర్ దాకా వెళ్తుంది. మెయిల్‌కు వెబ్‌సైట్‌లాగా అప్పటికప్పుడు సరిచేసుకునే వీలు లేదు. ఒకసారి పంపామంటే పంపినట్టే.

కాబట్టి సీఐలో (కోడ్ మారినప్పుడల్లా బిల్డ్, టెస్టులు దానంతటదే నడిపే ఏర్పాటు) తప్పకుండా స్ట్రిక్ట్ పెట్టండి. తప్పుంటే బిల్డ్ ఆగిపోవాలి. లోకల్‌గా డిజైన్ చేసుకునేటప్పుడు సాఫ్ట్ చాలు. స్కిప్ మాత్రం ఎవరికీ సలహా ఇవ్వను.

మారిన హెచ్‌టీఎంఎల్ తెరిచి చూస్తే భయమేస్తోంది. అందులో అసలు ఏముంది?

ఒకసారి ఓపిగ్గా చదవండి, తర్వాత చాలా సమస్యలకు కారణం మీకే తడుతుంది. ఒక సెక్షన్‌లో రెండు కాలమ్‌లు పెట్టామనుకుందాం. బాడీ వెడల్పు డిఫాల్ట్‌గా 600 పిక్సెల్స్ కాబట్టి ఒక్కోటి 300.

ఒక్కో కాలమ్ ఒక డివ్ అవుతుంది. దాని ఇన్‌లైన్ స్టైల్‌లో డిస్‌ప్లే ఇన్‌లైన్-బ్లాక్ అనీ, వెడల్పు 100 శాతం అనీ ఉంటుంది. 50 శాతం కావాలి కదా, 100 ఎందుకుంది? 50 శాతం అన్నది పైన హెడ్‌లోని మీడియా క్వెరీలో ఉంటుంది. స్క్రీన్ వెడల్పు 480 పిక్సెల్స్, అంతకంటే ఎక్కువ ఉంటేనే అది అమల్లోకి వస్తుంది. అంటే మీడియా క్వెరీ అర్థంకాని యాప్‌లో తెరిచినా కాలమ్‌లు ఒకదాని కింద ఒకటి చక్కగా వస్తాయి. జీమెయిల్ యాప్‌లో జీమెయిల్ కాని అకౌంట్ పెట్టుకున్నవాళ్లకు హెడ్‌లోని స్టైల్ మొత్తం పోతుంది. వాళ్లకు కూడా మెయిల్ చదవడానికి వీలుగా ఉండటానికి కారణం ఈ ఏర్పాటే.

మరి అవుట్‌లుక్? ఒక్కో డివ్‌కు ముందూ వెనుకా కండిషనల్ కామెంట్లు కనిపిస్తాయి. పాత అవుట్‌లుక్ ఒక్కటే వాటిలోపలికి చూస్తుంది, మిగతావాటికి అవి మామూలు కామెంట్లు. అక్కడ 300 పిక్సెల్స్ వెడల్పున్న టేబుల్ గడి ఉంటుంది. అలా డివ్‌లను పట్టించుకోని అవుట్‌లుక్‌కు దానికి అర్థమయ్యే టేబుల్ విడిగా అందుతుంది.

ఫాంట్ సైజ్ సున్నా అని అక్కడక్కడా ఉండటం చూసి చాలామంది అది బగ్ అనుకుంటారు. రెండు ఇన్‌లైన్-బ్లాక్‌ల మధ్య చిన్న ఖాళీ ఉన్నా ఆ ఖాళీ కూడా వెడల్పులో కలిసి, రెండో కాలమ్ కింది వరుసలోకి జారిపోతుంది. ఆ ఖాళీని మాయం చేయడానికే సున్నా పెట్టారు. దాన్ని తీసేయకండి.

ఆ హెచ్‌టీఎంఎల్‌లోనే చిన్న చిన్న మార్పులు చేసుకోవచ్చా?

వద్దు. ఈరోజు హెచ్‌టీఎంఎల్‌లో సరిచేసిన రంగు వచ్చేవారం ఇంకెవరో కంపైల్ చేయగానే పాతదైపోతుంది. ఏ మార్పైనా ఎంజేఎంఎల్ ఫైల్లోనే జరగాలి. అక్కడ కుదరని పని ఉంటే ఎంజే-రా అనే ట్యాగ్ ఉంది, దానిలోపల రాసిన హెచ్‌టీఎంఎల్‌ను కంపైలర్ ముట్టుకోకుండా అలాగే ఉంచుతుంది.

తెలుగు మెయిల్‌లో వత్తులు కింది లైనుకు తగులుతున్నాయి. ఎందుకు?

ఎంజే-టెక్స్ట్‌కు లైన్-హైట్ డిఫాల్ట్ విలువ 1, అక్షరం సైజు 13 పిక్సెల్స్. ఇంగ్లిష్‌కే అది ఇరుకు. తెలుగుకు అసలు సరిపోదు. 'స్త్రీ', 'రాష్ట్రం', 'శాస్త్రి' లాంటి మాటలు చూడండి: కింద తవత్తు లేదా టవత్తు, దాని పక్కన క్రావడి, పైన గుడో దీర్ఘమో. ఇలాంటి మాట ఉన్న లైను కిందే 'కీ', 'థీ' వచ్చిందంటే ఏ గుర్తు ఏ అక్షరానిదో తెలియదు. పెద్దవాళ్లు ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చదవాల్సి వస్తుంది.

హెడ్‌లో ఎంజే-ఆట్రిబ్యూట్స్ అనే చోటు ఉంది, టెంప్లేట్ మొత్తానికి వర్తించే డిఫాల్ట్‌లు అక్కడ మార్చుకోవచ్చు. ఎంజే-టెక్స్ట్‌కు సైజు 16 పిక్సెల్స్, లైన్-హైట్ 1.6 లేదా 1.7 పెట్టండి. లైన్-హైట్‌ను పిక్సెల్స్‌లో కాకుండా ఇలా అంకెగానే ఇవ్వండి, అప్పుడు హెడ్డింగ్‌కు సైజు పెంచినా ఆ మేరకు ఖాళీ కూడా పెరుగుతుంది. బటన్‌ను మరిచిపోవద్దు. దాని లైన్-హైట్ 120 శాతమే, 'దరఖాస్తు పూర్తి చేయండి' లాంటి మాటలు ఫోన్‌లో రెండు లైన్లయ్యాయంటే అక్కడా ఇదే గొడవ.

చిన్న సైజులో బోల్డ్ వాడకం కూడా తగ్గించండి. వత్తుల మధ్య ఉండే సన్నటి ఖాళీలు మూసుకుపోతాయి.

తెలుగుకు ఏ ఫాంట్ పెట్టాలి?

ముందు డిఫాల్ట్ ఏంటో తెలుసుకోండి: ఉబుంటు, హెల్వెటికా, ఏరియల్. ఈ మూడింటిలోనూ తెలుగు అక్షరాలు లేవు. మీరు ఏమీ మార్చకపోతే ఫోన్ లేదా కంప్యూటర్ తన దగ్గరున్న ఏదో ఒక తెలుగు ఫాంట్‌తో సర్దుకుంటుంది. అంతేకాదు, ఉబుంటు పేరు వాడుకలో ఉంది కాబట్టి గూగుల్ ఫాంట్స్ నుంచి దాన్ని తెచ్చే లింకు కూడా హెచ్‌టీఎంఎల్‌లో చేరుతుంది. తెలుగు మెయిల్‌లో దానివల్ల ఒరిగేదేమీ లేదు.

ఎంజే-ఫాంట్‌తో వెబ్ ఫాంట్ పెట్టవచ్చు. యాపిల్ మెయిల్‌లో అది కనిపిస్తుంది, జీమెయిల్‌లో కనిపించదు. మనవాళ్లలో ఎక్కువమంది మెయిల్ చూసేది ఆండ్రాయిడ్ ఫోన్‌లో, జీమెయిల్‌లోనే కాబట్టి వెబ్ ఫాంట్ మీద ఆశ పెట్టుకోకండి. పరికరాల్లో ముందే ఉన్న ఫాంట్ల పేర్లు వరుసగా ఇవ్వడమే మంచిది: ఆండ్రాయిడ్ కోసం నోటో సాన్స్ తెలుగు, యాపిల్ కోసం కోహినూర్ తెలుగు, విండోస్ కోసం నిర్మలా యూఐ, పాత విండోస్ కోసం గౌతమి, చివర్లో సాన్స్-సెరిఫ్. ఈ వరుసను ఎంజే-ఆల్ అనే ట్యాగ్‌కు ఒక్కసారి ఇస్తే టెంప్లేట్ అంతటికీ వస్తుంది.

మొదటి ఎంజేఎంఎల్ ట్యాగ్‌లో భాష ఆట్రిబ్యూట్‌కు తెలుగు కోడ్ కూడా ఇవ్వండి. స్క్రీన్ రీడర్‌తో మెయిల్ వినేవాళ్లకు సరైన గొంతు ఎంచుకోవడానికి అదే ఆధారం.

జీమెయిల్ మెయిల్‌ను మధ్యలో కత్తిరిస్తోంది. ఎంత సైజు దాకా పర్లేదు?

హెచ్‌టీఎంఎల్ సుమారు 102 కేబీ దాటితే జీమెయిల్ మిగతాది దాచేసి, మొత్తం చూడటానికి ఒక లింకు పెడుతుంది. ఫొటోల సైజు ఈ లెక్కలోకి రాదు, మార్కప్ మాత్రమే. కత్తెర పడేది చివర్లో కాబట్టి అన్‌సబ్‌స్క్రైబ్ లింకు, మెయిల్ తెరిచారా లేదా అని లెక్కించే పిక్సెల్ రెండూ పోతాయి.

ఇక్కడ తెలుగుకు లెక్క గట్టిగా పడుతుంది. యూటీఎఫ్-8లో ఇంగ్లిష్ అక్షరం ఒక బైట్ అయితే, తెలుగులో ఒక్కో కోడ్ పాయింట్ (అక్షరం, గుడి, పొల్లు లాంటి ఒక్కో గుర్తు) మూడు బైట్లు. 'లక్ష్మి' అన్న చిన్న పేరు చూడండి. ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: మొత్తం ఏడు, అంటే 21 బైట్లు. అదే పేరును ఏదైనా టూల్ అంకెల ఎంటిటీలుగా (యాంపర్‌సాండ్‌తో మొదలయ్యే అంకెల కోడ్‌లు) మార్చిందంటే ఒక్కోటి ఏడు బైట్లు, మొత్తం 49. ఎంజేఎంఎల్ ఆ పని చేయదు గానీ, దాని తర్వాత మీరు వాడే సీఎస్ఎస్ ఇన్‌లైనర్ (స్టైల్‌ను ఒక్కో ట్యాగ్‌లోకే ఎక్కించే టూల్) లేదా హెచ్‌టీఎంఎల్ పార్సర్ చేయవచ్చు. ఫైనల్ హెచ్‌టీఎంఎల్ తెరిచి తెలుగు తెలుగులాగే ఉందో, యాంపర్‌సాండ్‌లూ అంకెలూ ఉన్నాయో చూసుకోండి. ఉంటే ఆ లైబ్రరీలో ఎంటిటీలకు సంబంధించిన సెట్టింగ్ ఆపేయండి.

మినిఫై చేస్తే, అంటే అక్కర్లేని ఖాళీలు తీసేస్తే, కొంత తగ్గుతుంది. కానీ అప్పుడు ఫైలంతా ఒకటే లైను అవుతుంది. మెయిల్ ప్రమాణాల ప్రకారం ఒక లైను 998 అక్షరాలు మించకూడదు. మించితే దారిలో ఏదో ఒక సర్వర్ మధ్యలో విరగ్గొట్టవచ్చు, ఆ విరిగింది మూడు బైట్ల తెలుగు అక్షరం నడుమనే కావచ్చు. మెయిల్ పంపే లైబ్రరీలో ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్ బేస్64 లేదా కోటెడ్-ప్రింటబుల్ పెడితే ఈ టెన్షన్ ఉండదు. తెలుగుకు బేస్64 నయం, రెండోదానిలో ప్రతి బైటూ మూడు అక్షరాలవుతుంది.

కస్టమర్ పేరు, ఆర్డర్ వివరాలు ఎప్పుడు నింపాలి? కంపైల్‌కు ముందా, తర్వాతా?

తర్వాత. ఎంజేఎంఎల్‌లోనే జింజా, హ్యాండిల్‌బార్స్, లిక్విడ్ లాంటి టెంప్లేట్ గుర్తులు రాయండి. బిల్డ్ సమయంలో ఒకసారి కంపైల్ చేసి హెచ్‌టీఎంఎల్‌ను దాచుకోండి. మెయిల్ పంపేటప్పుడు ఆ హెచ్‌టీఎంఎల్‌లో డేటా నింపండి. లక్ష మందికి పంపాలంటే లక్షసార్లు కంపైల్ చేయడం అనవసర భారం. పైగా కస్టమర్ పేరులో ఏదైనా వింత గుర్తు ఉన్నా కంపైలర్ జోలికి రాదు. డేటా నింపే దశలో ఎస్కేపింగ్ (డేటాలోని గుర్తులను హెచ్‌టీఎంఎల్‌గా కాక మామూలు అక్షరాలుగా చూపించడం) ఆన్‌లో ఉండాలి సుమా.

లూప్‌ల దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి. ఎంజే-టెక్స్ట్, ఎంజే-టేబుల్, ఎంజే-బటన్ లోపలి సరుకును ఎంజేఎంఎల్ పార్స్ చేయదు, కాబట్టి ఆర్డర్‌లోని వస్తువుల జాబితాను ఎంజే-టేబుల్‌లో లూప్‌గా రాయడం హాయి. సెక్షన్ల మీదే లూప్ నడపాలంటే లూప్ మొదలు, చివర రెండిటినీ వేర్వేరు ఎంజే-రా ట్యాగుల్లో పెట్టండి. ఇమేజ్ వెడల్పు లాంటి అంకె రావాల్సిన ఆట్రిబ్యూట్‌లో వేరియబుల్ పెట్టకండి. కంపైలర్ కాలమ్ వెడల్పులు లెక్కించేది ఆ అంకెతోనే, అక్కడ జింజా గుర్తులుంటే లెక్క కుదరదు. రంగు దగ్గర వేరియబుల్ పెట్టినా వ్యాలిడేషన్ ఒప్పుకోదు.

కాలమ్‌ల సంఖ్యే డేటాను బట్టి మారాలంటే మాత్రం ముందు డేటా నింపి తర్వాత కంపైల్ చేయక తప్పదు.

పైథాన్, పీహెచ్‌పీ, డాట్‌నెట్ వాడేవాళ్లం. నోడ్ తప్పనిసరా?

అసలు ఎంజేఎంఎల్ జావాస్క్రిప్ట్‌లోనే ఉంది. రస్ట్‌లో దాన్ని తిరిగి రాసిన లైబ్రరీ ఎంఆర్ఎంఎల్, చాలా వేగంగా పనిచేస్తుంది. పైథాన్‌లోని ఎంజేఎంఎల్-పైథాన్ ప్యాకేజీ లోపల వాడేది దాన్నే. డాట్‌నెట్‌కు ఎంజేఎంఎల్ డాట్ నెట్ అనే విడి పోర్టు (ఆ భాషలో తిరిగి రాసిన రూపం) ఉంది. పీహెచ్‌పీలో స్పాటీ వాళ్ల ప్యాకేజీ వాడుకోవచ్చు, అయితే దానికి సర్వర్‌లో నోడ్ ఉండాలి.

పోర్టులు అన్నీ అసలుతో నూటికి నూరు పాళ్లు సమానం కావు. ఉదాహరణకు ఎంఆర్ఎంఎల్‌లో ఎంజే-స్టైల్‌కు ఉండే ఇన్‌లైన్ సౌకర్యం (స్టైల్‌ను ఒక్కో ట్యాగ్‌లోకే ఎక్కించడం) లేదు. మీ టెంప్లేట్ దాని మీద ఆధారపడి ఉంటే కంపైల్ అవుతుంది, ఎర్రర్ రాదు, స్టైల్ మాత్రం పడదు. నా మాట అడిగితే, బిల్డ్ సమయంలోనే కంపైల్ చేసేవాళ్లు ఏ భాషలో ఉన్నా అసలు నోడ్ ప్యాకేజీనే వాడండి. సర్వర్‌లో నోడ్ అక్కర్లేదు, హెచ్‌టీఎంఎల్ ఫైల్ ఒక్కటీ ఉంటే సరిపోతుంది.

హెడర్, ఫుటర్ వేరే ఫైళ్లలో పెడితే 'ఫైల్ దొరకలేదు' అంటోంది.

ఎంజే-ఇన్‌క్లూడ్ ఇచ్చే దారి ఎక్కడి నుంచి వెతకాలో కంపైలర్‌కు తెలియాలి. టెంప్లేట్‌ను స్ట్రింగ్‌గా పంపినప్పుడు ఫైల్‌పాత్ ఆప్షన్ కూడా ఇవ్వండి.

బయటివాళ్లు రాసిన ఎంజేఎంఎల్‌ను మా సర్వర్‌లో కంపైల్ చేయవచ్చా?

ఆలోచించి చేయండి. ఎంజే-ఇన్‌క్లూడ్ సర్వర్‌లోని ఫైళ్లను చదవగలదు. 4.6.3కు ముందున్న వెర్షన్లలో దీన్ని వాడుకుని ఫోల్డర్ దాటి బయటి ఫైళ్లను చదివే లోపం ఉందని 2020లో బయటపడింది. యూజర్లే టెంప్లేట్లు తయారుచేసుకునే ప్రోడక్ట్ మీదైతే ఇన్‌క్లూడ్ ట్యాగులను ముందే తిరస్కరించండి. కంపైల్ పనిని ముఖ్యమైన ఫైళ్లేవీ అందుబాటులో లేని కంటైనర్‌లో నడపండి.

ఫొటోలు కనిపించడం లేదు.

అడ్రస్ హెచ్‌టీటీపీఎస్‌తో మొదలయ్యే పూర్తి లింకు కావాలి. బేస్64గా మెయిల్‌లోనే పొదిగిన ఫొటోలను, ఎస్‌వీజీలను జీమెయిల్ చూపించదు. పీఎన్‌జీ లేదా జేపెగ్ వాడండి. ముఖ్యమైన సమాచారం మొత్తాన్ని ఒక పోస్టర్‌గా చేసి ఫొటోగా పంపే అలవాటు మన దగ్గర బాగా ఉంది. తెలుగు టైపింగ్, ఫాంట్ల ఇబ్బంది వల్ల వచ్చిన అలవాటది. ఫొటోలు బ్లాక్ అయిన ఆఫీసు మెయిల్‌లో ఆ పోస్టర్ ఖాళీ పెట్టెగా మిగులుతుంది, వెతికినా దొరకదు, స్క్రీన్ రీడర్‌కు వినపడదు. తేదీ, చోటు, ఫోన్ నంబర్ తప్పనిసరిగా అక్షరాల్లోనే ఉండాలి.

ఇన్‌బాక్స్‌లో సబ్జెక్ట్ పక్కన 'బ్రౌజర్‌లో చూడండి' అని వస్తోంది. మార్చడం ఎలా?

హెడ్‌లో ఎంజే-ప్రివ్యూ ట్యాగ్ పెట్టి మీకు కావలసిన వాక్యం రాయండి. అది లేకపోతే మెయిల్ యాప్ బాడీలో మొదట కనిపించిన మాటలను తీసుకుంటుంది.

స్పామ్‌లో పడకుండా ఎంజేఎంఎల్ ఆపగలదా?

లేదు, అది పంపేవైపు చూసుకోవాల్సిన పని. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్‌కు రోజుకు 5000 మెయిల్స్ పైన పంపేవాళ్లకు ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ (మెయిల్ నిజంగా మీ డొమైన్ నుంచే వచ్చిందని తేల్చే ఏర్పాట్లు) మూడూ ఉండాలి. మార్కెటింగ్ మెయిల్స్‌కు ఒక్క క్లిక్‌తో అన్‌సబ్‌స్క్రైబ్ అయ్యే వీలుండాలి. టెంప్లేట్ వైపు నుంచి మీరు చేయగలిగేది హెచ్‌టీఎంఎల్‌తో పాటు మామూలు టెక్స్ట్ భాగం కూడా పంపడం. ఎంజేఎంఎల్ దాన్ని తయారుచేయదు. నోడ్‌లో హెచ్‌టీఎంఎల్-టు-టెక్స్ట్ లాంటి లైబ్రరీ వాడండి, వచ్చినదాన్ని ఒకసారి చదివి సరిచూసుకోండి.

పాత హెచ్‌టీఎంఎల్ మెయిల్‌ను ఎంజేఎంఎల్‌గా తిరగమార్చే మార్గం ఉందా?

నమ్మదగినది లేదు. కూర్చుని తిరిగి రాయడమే త్వరగా అవుతుంది.

వెర్షన్ మారిస్తే పాత టెంప్లేట్లు దెబ్బతింటాయా?

3 నుంచి 4కు మారినప్పుడు ఎంజే-కంటైనర్ ట్యాగే పోయింది, దాని పని ఎంజే-బాడీకి వచ్చింది. అలాంటి మార్పుల కోసం కమాండ్ లైన్‌లో మైగ్రేట్ ఆప్షన్ ఇచ్చారు. చిన్న వెర్షన్లలో అంత పెద్ద మార్పులు ఉండవు గానీ, ప్యాడింగ్ ఒక చోట అటూ ఇటూ అయినా మీకు తెలియాలి. ప్యాకేజీ వెర్షన్‌ను లాక్ చేయండి. ప్రతి టెంప్లేట్‌కు తయారైన హెచ్‌టీఎంఎల్‌ను రిపాజిటరీలో ఉంచి, అప్‌గ్రేడ్ తర్వాత వచ్చినదానితో డిఫ్ చూడండి. తేడా కనిపించిన టెంప్లేట్లను పాత విండోస్ అవుట్‌లుక్‌లో, ఆండ్రాయిడ్ జీమెయిల్‌లో, ఐఫోన్‌లో తెరిచి చూసి ఆ తర్వాతే లైవ్‌కు పంపండి. టెస్ట్ డేటాలో పొడవైన తెలుగు పేరు ఒకటి, మూడు లైన్ల చిరునామా ఒకటి తప్పకుండా ఉండాలి.